ఈల వేసే ఇన్‌హేలర్

టీ వడగట్టే జల్లెడ అంచు వంకరపోయింది. ఆ ఉదయం ఆ ఇంట్లో యుద్ధానికి అంతకు మించిన కారణం లేదు.

"సింకు అంచుకేసి బాదొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అత్తగారు జల్లెడను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నారు. "ఇటు చూడు, జాలీ కూడా ఊడొచ్చింది. ఇంక వడగట్టేదేముంది, టీ తాగుతూ ఆకులు నమలడమే."

"బాదకపోతే పిప్పి రాలదండీ."

"కుళాయి కింద పెడితే రాలదూ? నీకు ఓపిక లేక."

"ఓపికున్నవాళ్లు కడిగిపెట్టొచ్చు. నేనేమన్నా వద్దన్నానా?"

కోడలి భర్త డ్రాయింగ్ మాస్టారు. పేపరు చాటు నుంచి తల బయటపెట్టి, "పోనీ కొత్తది కొందాం," అన్నాడు.

"నువ్వూరుకో," అన్నారు తల్లి. "మీరూరుకోండి," అంది భార్య. ఆ రెండు మాటలూ ఒక్క క్షణంలోనే వచ్చాయి. ఆయన మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు.

నిజానికి ఆ ఇద్దరాడవాళ్ల కోపమూ జల్లెడ మీద కాదు. లోపలి గదిలో మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్న పదకొండేళ్ల పిల్ల మీద బెంగ అది. నడక వచ్చేనాటికే ఆ పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అప్పట్నుంచి నాయనమ్మ ఆమెను 'కూన' అని పిలుస్తోంది. బడి రిజిస్టరులో ఇంకో పేరుంది గానీ దానితో ఇంట్లో ఎవరికీ పని పడలేదు.

కూనకు నిన్న సాయంత్రం నుంచి మందు లేదు. ఆస్పత్రివాళ్లే ఆపమన్నారు. ఈ రోజు పదకొండింటికి మందు ప్రభావమేమీ లేని ఊపిరిని కొలిచి, ఆ తర్వాత కొత్త ఇన్‌హేలర్ చేతికిస్తారు. పాతది కూనకు ఎప్పుడూ అచ్చిరాలేదు. మీట నొక్కితే మందు తూటాలా దూసుకొచ్చి గొంతు గోడకు కొట్టుకునేది. పిల్ల ఊపిరి అందుకునేలోపే అంతా అయిపోయేది. నాలుక మీద చేదు మిగిలేది, ఛాతీలోకి ఏమీ దిగేది కాదు. కిందటి నెల రెండుసార్లు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. "మూడోసారి దాకా రానివ్వకండి," అన్నాడు డాక్టరు. ఎలా రానివ్వకూడదో మాత్రం చెప్పలేదు.

ఫోన్ మోగింది.

"మేడమ్, మీ అరకిలో రాయి ఒక గ్రాము తక్కువ తూగుతోంది."

కోడలి ముఖంలో ఏమీ మారలేదు. చేతిలోని కప్పును మాత్రం చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. అరకిలో అంటే వెంటనే రమ్మని. ఒక గ్రాము తక్కువంటే మనవాళ్లలో ఒకరు తగ్గారని.

వీధికీ ఇంటికీ ఆమె తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆ శాఖలో ఆమెకు నిజంగానే ఒక బల్ల, కుర్చీ, ఒక కిరకిరలాడే ఫ్యాను ఉన్నాయి. కానీ ఆమె జీతం ఇంకెక్కడి నుంచో వస్తుంది. అక్కడివాళ్లకు ఆమె పేరు 'త్రాసు'.

"సెలవు రోజు కూడానా?" అన్నారు అత్తగారు. "తూకం రాళ్లెక్కడికీ పారిపోవుగా!"

"ఇవాళ పారిపోయేట్టే ఉన్నాయండీ." భర్త వైపు తిరిగింది. "కూనను మీరు ఆస్పత్రికి తీసుకురండి. పదకొండింటికల్లా నేను అక్కడుంటాను."

"ఎప్పుడూ... అలాగే అంటావు," లోపలి నుంచి కూన గొంతు. ఆ మూడు మాటలకూ మధ్యలో ఊపిరి అడ్డం పడింది.

"ఈసారి ఉంటానమ్మా," అంది త్రాసు, చెప్పుల్లో కాలు పెడుతూ.

*

బట్టలుతికే షాపు కౌంటర్ మీద ఆమె ఒక చీటీ పెట్టింది. 'బూడిదరంగు కోటు, ఎడమ మోచేతి దగ్గర మరక.' షాపువాడు మారుమాట లేకుండా వేలాడే బట్టల వరుసను పక్కకు జరిపాడు. వెనక గదినిండా ఆవిరి. ఇస్త్రీ బల్ల మీద ఆస్పత్రి ప్లాను పరిచి ఉంది. దాని వెనక ఆమె అసలు పై అధికారి, అందరూ పిలిచే పేరు పెద్దాయన.

"కూర్చునే టైమ్ లేదు. నిలబడే విను. రంధ్రాల మాస్టారు పోయారు."

త్రాసు కళ్లు మూసుకుని తెరిచింది. ఆ ముసలి మెషినిస్టును ఆమె రెండుసార్లు చూసింది. కొత్త ఇన్‌హేలర్ తయారుచేసే ప్రాజెక్టు 'ఆపరేషన్ తుంపర'కు ప్రాణం ఆయన చేతులే. రూపాయి బిళ్లంత నికెల్ పలకలో వందల రంధ్రాలు వేసేవాడు. వాటి ముందు తలవెంట్రుక దుంగలా కనబడేది. ఆ రంధ్రాల గుండా వచ్చే మందు తూటాలా దూసుకుపోదు. మంచులా, మెల్లగా, సన్నగా తేలుతుంది. గొంతు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల అడుక్కి దిగుతుంది. సగం మందుతో రెట్టింపు పని. ఒకసారి ఆయన కూన ఊపిరి గ్రాఫ్ చూసి కళ్లజోడు తుడుచుకుంటూ, "ఈ పిల్ల కోసమన్నా త్వరగా తెమల్చాలి," అన్నాడు.

"నిన్న రాత్రి వర్క్‌షాపు లిఫ్ట్ గుంతలో దొరికారు," అన్నాడు పెద్దాయన. "ప్రమాదంలా కనబడేట్టు చేశారు. అంతకు రెండు నిమిషాల ముందు మనకు ఫోన్ చేశారు. ఒక్క ముక్క. 'నలభైలో ఒకటి నాది కాదు.' లైన్ కట్."

"నలభైలో..."

"ఇవాళ పదకొండింటికి నలభై మంది రోగులకు నలభై ఇన్‌హేలర్లు ఇస్తారు. వాటిలో ఒకటి గొడుగు ముఠా చేసిన నకలు." గొడుగు ముఠా అంటే సరిహద్దు అవతలి నుంచి పనిచేసే గూఢచారుల గుంపు. "మాస్టారి బల్ల కింద ఒక చుక్క దొరికింది. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అది పీల్చినవాళ్ల ఊపిరి నిమిషంలో మూసుకుపోతుంది. ఒక్కరు పోతే చాలు వాళ్లకి. ముందు వరుసలో విదేశీ పరిశీలకులుంటారు. ప్రాజెక్టు అక్కడికక్కడే సమాప్తం. ఏడాది తిరక్కుండా అదే డిజైను వాళ్ల పేరు తగిలించుకుని వస్తుంది."

"అయితే ఆపేయండి సర్."

"అచ్చు పలక కూడా పోయింది." పెద్దాయన గొంతు తగ్గించాడు. "అసలుది. దాన్ని చూసే మిగతా పలకలన్నీ కోస్తారు. చేసిన మనిషి లేడు. పలక కూడా దేశం దాటితే మళ్లీ మొదట్నుంచి మొదలు. పదేళ్లో, పదిహేనేళ్లో. అది ఎవరి దగ్గరుందో వాళ్లు ఇవాళ ఆ హాల్లో ఉంటారు. చావు కళ్లారా చూసుకుని గానీ కదలరు. ఇప్పుడు ఆపితే ఇప్పుడే మాయమవుతారు."

"మా పాప పేరు ఆ జాబితాలో ఉంది."

"పదిహేడో నంబరు. తెలుసు."

గదిలో ఆవిరి బుసకొట్టింది.

"నీ పాపను తప్పించొచ్చు," అన్నాడాయన. "తప్పిస్తే ఆ నంబరు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి వెళ్తుంది."

అంటే ఆ చావు అలాగే ఉంటుంది, తల్లి మారుతుంది. త్రాసు ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుంది. వేడిగా ఉందని చాలాసేపటి వరకూ ఆమెకు తెలియలేదు.

"పదకొండు దాకా సర్. అప్పటికి దొరక్కపోతే మైకు లాక్కుని నేనే ఆపేస్తాను. తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోండి."

"ఒప్పుకున్నా. లోపల నీకు తోడు నెమలి ఉంటుంది."

నెమలిని ఆమె విన్నదే గానీ చూసింది లేదు. రెండేళ్లుగా గొడుగు ముఠాలో చేరి, వాళ్ల రహస్యాలు ఇటు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. తుంపర మొదటి బ్యాచ్‌లో రోగిగా నటిస్తూ ఆరు వారాలుగా ఆ ఇన్‌హేలర్ వాడుతోంది. ఇవాళ కొత్తవాళ్లకు ఎలా పీల్చాలో చూపించేది కూడా ఆమే.

పెద్దాయన రెండు చెవి దిద్దులు, అగ్గిపెట్టెంత త్రాసు ఇచ్చాడు. "ఎడమ దిద్దులో నా మాట నీకు వినబడుతుంది, కుడిదాన్ని తాకితే నీ మాట నాకు చేరుతుంది. ఈ త్రాసు మిల్లీగ్రాములో పదో వంతు తేడా కూడా పట్టేస్తుంది. నకిలీ ఎక్కడో ఒకచోట తేడా తూగాలి."

*

తూగలేదు.

శాఖ కోటు వేసుకుని, పరికరాలకు సీలు వేయడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు కాబట్టి ఆస్పత్రి స్టోరులో ఆమెను ఎవరూ అడ్డుకోలేదు. నలభై ఇన్‌హేలర్లనూ ఒక్కొక్కటే తూచింది. మళ్లీ తూచింది. నలభైకి నలభై ఒకే బరువు. రంగు ఒకటే, అతుకు ఒకటే, మూత బిగువు ఒకటే. చేసినవాడెవడో గానీ పనిమంతుడు. గడియారం పది దాటి ఇరవై. స్టోరు సిస్టరు ట్రే అందుకుని, "అయిపోయిందా మేడమ్? పేషెంట్లు కూర్చున్నారు," అంది.

ట్రే హాల్లోకి వెళ్లింది.

పరిశీలకుల వరుస వెనక రోగులకు ఐదు వరుసలు, వరుసకు ఎనిమిది కుర్చీలు. నేలకు ఫినైలు వాసన. కూర్చున్నవాళ్లందరి భుజాలూ చెవుల దగ్గరికి లేచి ఉన్నాయి. మందు లేని ఛాతీలు నలభై. మూడో వరుస మొదటి కుర్చీలో కూన. రెండు చేతులూ మోకాళ్ల మీద ఊనుకుని, గాలి ఎక్కడో ఎత్తులో ఉన్నట్టు మెడ చాచి పీలుస్తోంది. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. చొక్కాకు పదిహేడో నంబరు చీటీ. పక్కన నాన్న లేడు. తోడొచ్చినవాళ్లందరినీ బయట వరండాలో కూర్చోబెట్టారట.

"వచ్చావే!" అంది కూన.

"చెప్పాగా."

"నాన్న... పందెం కాశాడు. రావని."

"ఓడిపోయాడని చెప్పు." పిల్ల జుట్టు సర్దే సాకుతో నుదురు తాకి చూసింది. చల్లగా, చెమటగా ఉంది. ఇక్కడే కూర్చుండిపోవాలనిపించింది. లేచింది.

పక్క గదిలో నెమలి రిహార్సల్స్ చేస్తోంది. ముప్పై దాటని మనిషి. మెడలో పచ్చటి పట్టు స్కార్ఫు, చూసినవాళ్లు చూపు తిప్పుకోలేని ముఖం. తలుపు తీయగానే ఘుమ్మని సెంటు వాసన కొట్టింది. త్రాసుకు మొదట అదే నచ్చలేదు. ఉబ్బసం ఉన్న పిల్ల పుట్టాక తమ ఇంట్లో అగరొత్తి కూడా వెలగలేదు. ఉబ్బసం నటించే మనిషికి ఆ మాత్రం తెలియదా?

"ఈ గదిలో గాలాడటం లేదు," అంది త్రాసు.

"కిటికీ తీస్తే దుమ్మొస్తుంది."

"దుమ్మైతే దులుపుకోవచ్చు."

కోడ్ సరిపోయింది. నెమలి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "అక్కా, నాకు మనిషి తెలిసిపోయాడు. ల్యాబ్ స్టోర్‌కీపరు. పలక వాడి దగ్గరే ఉంది. సరిగ్గా పదకొండింటికి వెనక గేటు దగ్గర కారెక్కుతాడు. నువ్వు ఇప్పుడే వెళ్లి మాటువెయ్యి. ఇక్కడ సంగతి నేను చూసుకుంటా."

హ్యాండ్‌బ్యాగులోంచి పౌడరు డబ్బీ తీసి, తెరిచి, మూసి, లోపల పెట్టింది. ముఖం అద్దంలో చూసుకోనే లేదు.

"నకిలీ ఏదో తెలిసిందా?"

"వాడు దొరికితే వాడే చెబుతాడు. పరుగెత్తు అక్కా, టైమ్ లేదు."

మాట నమ్మదగ్గదే. త్రాసు తలుపు దాకా వెళ్లింది కూడా. అప్పుడు వెనక నుంచి ఈల వినబడింది, వెంటనే కిలకిల నవ్వు.

నెమలితో పాటు స్టేజీ ఎక్కడానికి మొదటి బ్యాచ్ నుంచి రెండు జడల అమ్మాయి ఒకతె వచ్చి ఆ గది మూలే కూర్చుని ఉంది. ఎనిమిదేళ్లుంటాయి. నెమలి డెమో ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని పీల్చింది, ఈల మోగింది, ఠక్కున పీల్చడం తగ్గించింది. ఈల ఆగిపోయింది.

"ఆంటీ అవుట్!" పిల్ల చప్పట్లు కొట్టింది. "ఈల ఆపేశారు! ఈల ఆపితే అవుట్!"

"ఈల మోగితే తప్పు కదమ్మా. మరీ గబగబా పీలుస్తున్నామని."

"అది పాతవాటిలో! దీంట్లో మోగితేనే కరెక్టు. మోగుతూనే ఉండేట్టు పీల్చాలి. నాది పన్నెండు అంకెల దాకా మోగుతుంది తెలుసా!"

తలుపు పిడి మీద త్రాసు చెయ్యి ఆగిపోయింది.

రంధ్రాల మాస్టారి కళ్లజోడు గుర్తొచ్చింది. పాత పరికరాల్లో ఈల తిట్టు. వేగంగా పీలిస్తే కూస్తుంది. ఆయన దాన్ని తలకిందులు చేశాడు. 'జబ్బుతో ఉన్నవాణ్ని తిట్టడమెందుకు, మెచ్చుకుందాం,' అన్నాడు. మెల్లగా, సమంగా పీలిస్తేనే మోగే ఈల. మొదటి బ్యాచ్‌లో పసిపిల్లలకు కూడా అది ఆట. ఆరు వారాలు రోజుకు మూడుసార్లు వాడిన మనిషికి తెలియకపోవడమేమిటి?

తేలిగ్గా నవ్వింది త్రాసు. "నీది మోగేది కాదా ఏంటి?"

"మొదట్లో నాది కూడా ఇలాగే ఊరికే కూసేది అక్కా. పాడైందని బాగుచేయించా."

బాగుచేయించా.

సీలు వేసిన పరికరం. ఇంటికి తీసుకెళ్లాలంటే మూడు సంతకాలు కావాలి. దాన్ని విప్పగల చేతులు ఈ దేశంలో రెండే ఉండేవి, అవి నిన్న లిఫ్ట్ గుంతలో చల్లబడ్డాయి. మరి బాగుచేసిందెవరు?

నెమలి కళ్లలోకి ఆ ప్రశ్న చేరేసరికే త్రాసు కుడి దిద్దు సర్దుకుంటున్నట్టు చేత్తో తాకింది. "మన తూకంలో నెమలి తక్కువొచ్చింది," అంది.

అరక్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నెమలి పరుగెత్తింది. కారిడార్లో స్ట్రెచరు తోసుకొస్తున్న ఇద్దరు వార్డుబాయ్‌లు స్ట్రెచర్ని అడ్డంగా తిప్పారు. వాళ్లు పెద్దాయన మనుషులు. పచ్చ స్కార్ఫు స్ట్రెచరు మీద పడింది. హ్యాండ్‌బ్యాగు జారింది. త్రాసు పౌడరు డబ్బీ తీసి అద్దాన్ని గోటితో పెకలించింది. దాని వెనక బిళ్లంత నికెల్ పలక తళతళలాడింది.

"పలక దొరికింది సర్. నకిలీ ఏది?" చివరి ప్రశ్న నెమలికి.

నెమలి ఆయాసపడుతూ నవ్వింది. "నిజంగా నాకూ తెలీదక్కా. ట్రేలో కలిపేశాను. నీ తూకానికే దొరకలేదు కదా. ఇంకో రెండు నిమిషాలాగితే అదే తెలుస్తుంది."

హాలు స్పీకర్లో డాక్టరు గొంతు: "అందరూ మూతలు తీయండి..."

*

ఆమె పరుగెత్తింది.

ఇన్‌హేలర్లన్నీ వెనక్కి పోగుచేయాలా? ఊపిరాడని నలభై మందికి, 'మీలో ఒకరి చేతిలో విషముంది' అని చెబితే ఏం జరుగుతుంది? ఒకరు లేస్తారు, ఒకరు ఏడుస్తారు, ఇంకొకరు భయంతో నొక్కేస్తారు. అరవకూడదు, ఆలస్యం కూడా చేయకూడదు.

పరుగులోనే తట్టింది. బాగుచేయించా. ముఠా మెకానిక్కులు నెమలి ఇన్‌హేలర్ని విప్పి నకలు చేశారు. మెల్లగా పీల్చినా ఈల మోగుతుంటే లోపమనుకున్నారు. సరిచేశారు. వాళ్లు చేసిన నకలు మెల్లగా పీలిస్తే మోగదు!

స్టేజీ ఎక్కి డాక్టరు చేతిలోని మైకు అందుకుంది. ముందు వరుసలో పరిశీలకులు తలలెత్తారు. ఇంట్లో పిల్లకు హోమ్‌వర్కు చెప్పే స్వరంతో అంది: "తూనికల శాఖ నుంచి చిన్న పరీక్ష. ఎవరూ మీట నొక్కొద్దు. బొటనవేలు కిందికి దించేయండి. ఊరికే నోట్లో పెట్టుకుని, పువ్వు వాసన చూసినట్టు మెల్లగా పీల్చండి. ఈల మోగినవాళ్లు చెయ్యెత్తండి."

హాలంతా పిట్టల గుంపు వాలినట్టు ఈలలు. చేతులు లేచాయి. ఆమె లెక్కపెట్టింది. మొదటి వరుస ఎనిమిది. రెండు, ఎనిమిది. మూడు...

ఏడు.

పదిహేడో నంబరు చెయ్యి లేవలేదు. కూన ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని తల్లి వైపే చూస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఈల లేదు.

ఆమె లెక్క ఆపలేదు. నాలుగో వరుస ఎనిమిది. ఐదు...

ఏడు.

ఇద్దరా? ఒకటే కదా నకిలీ!

చివరి వరుస చివరి కుర్చీలో ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, పక్కవాళ్లెందుకు చేతులెత్తుతున్నారో అర్థంకాక అటూ ఇటూ చూస్తున్నాడు. ఆయనకు చెవుడు. మైకులో చెప్పింది ఒక్క ముక్క కూడా వినబడలేదు. అందరూ నోట్లో పెట్టుకున్నారు కదాని తనూ పెట్టుకున్నాడు. బొటనవేలు మీట మీదికి ఎక్కింది.

స్టేజీ దిగి వెనక్కి వెళ్లాలంటే కూన కుర్చీ పక్కనుంచే దారి. పిల్ల చెయ్యి చాచింది. ఆ వేళ్లు తల్లి కోటు అంచుకు తగిలాయి కూడా. త్రాసు ఆగలేదు. ఆ చేతిని దాటి, నాలుగో వరుస దాటి, ఒక కుర్చీని తోసేసి, మీట లోపలికి దిగుతుండగా కండక్టరు చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఇన్‌హేలర్ ఎగిరి గోడకు తగిలి మూలకు దొర్లింది. దాని మూతి నుంచి పసుపుపచ్చటి తుంపర ఒక్క ఊపిరంత వచ్చి నేల మీద తడిగా పరుచుకుంది. వార్డుబాయ్ దాని మీద ఉక్కుబకెట్ బోర్లించాడు.

కండక్టరు చెయ్యి రుద్దుకున్నాడు. "కొట్టడమెందుకమ్మా?" అన్నాడు నొచ్చుకుంటూ. "అడిగితే ఇవ్వనా?"

ఆమె అప్పటికే వెనక్కి పరుగెత్తుతోంది.

కూన తల పక్కకు వాలింది. త్రాసు ఆ చేతిలోని ఇన్‌హేలర్ లాక్కుని తన నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చింది.

ఈల మోగింది. సన్నగా, తీయగా.

పరికరం మంచిదే. పిల్ల ఊపిరికే ఈల మోగించే బలం లేదు.

"కూనా, ఇటు చూడు. ఈల సంగతి వదిలెయ్. మోగకపోయినా పర్లేదు. వాసన చూసినట్టు, అంతే. నేను నొక్కుతా." మీట నొక్కింది. పాతదైతే ఈపాటికి దూసుకుపోయేది. ఇది మూతి దగ్గర చిన్న మబ్బులా తేలి ఆగింది, అంత బలహీనమైన ఊపిరి కోసం కూడా ఎదురుచూస్తున్నట్టు. మెల్లమెల్లగా లోపలికి పోయింది. "బిగపట్టు. ఒకటి, రెండు... వదులు. ఇంకోసారి."

ఏమీ జరగలేదు. డాక్టరు ఆక్సిజన్ సిలిండరు తోసుకొచ్చాడు. ముందు వరుసలో ఎవరో లేచి నిలబడ్డారు. మూడోసారి నొక్కింది. పిల్ల చేతిని పట్టుకుని అంకెలు లెక్కపెట్టింది, ఎన్ని లెక్కపెట్టిందో తనకే తెలియదు.

మెడ కింద గుంట లోతు తగ్గింది. పిల్లికూతలు దూరమైపోతున్నట్టు సన్నబడ్డాయి. కూన కళ్లు తెరిచి, చాలా రోజుల తర్వాత ఒక వాక్యాన్ని మధ్యలో ఆగకుండా అంది: "అమ్మా, నా చెయ్యి నొప్పెడుతోంది, కొంచెం వదులు."

ఎడమ దిద్దులో పెద్దాయన గొంతు: "త్రాసూ, రిపోర్ట్."

"తూకం సరిపోయింది సర్," అంది. దిద్దు తీసి జేబులో వేసుకుంది.

*

ఇంటికి వెళ్లే దారిలో డ్రాయింగ్ మాస్టారు ముందు కూర్చుని బండి నడుపుతున్నాడు. వెనక సీట్లో కూన తల్లి భుజానికి ఆనుకుంది. చాలాసేపు కిటికీలోంచి చూసి, నాన్నకు వినబడకుండా అడిగింది.

"నేను చెయ్యి చాచా. నువ్వు చూశావు. అయినా ఆ తాతయ్య దగ్గరికే వెళ్లావు."

దీనికి శిక్షణలో జవాబు నేర్పరు. త్రాసు పిల్ల జుట్టు వెనక్కి సర్దింది.

"నువ్వు నా మాట వింటావని తెలుసు," అంది. "నొక్కొద్దంటే నొక్కవు. ఆయనకి నా మాట వినబడలేదు."

కూన ఆలోచించింది. ఒప్పుకుందో లేదో తెలియలేదు. భుజం మీంచి తల మాత్రం తీయలేదు.

మధ్యాహ్న భోజనానికి కూర్చునేసరికి మూడైంది. అన్నీ చల్లారాయి. అత్తగారు అందరికీ వడ్డించి, మనవరాలి కంచంలో అడక్కుండానే రెండోసారి కూర వేశారు. కూన గబగబా తింటోంది. తినడానికీ ఊపిరి పీల్చడానికీ మధ్య పోటీ లేకపోవడం ఆ పిల్లకు కొత్త.

త్రాసు దారంతా ఒక మాటను కూడగట్టుకుంది. పిల్లను ఆ ప్రయోగం నుంచి తప్పించాలి. తనూ ఉద్యోగం మానేయాలి. తన రెండు లోకాలూ ఇవాళ ఒకే కుర్చీ దగ్గర ఢీకొన్నాయి. ఇంకోసారి ఆ చేతిని దాటుకుని పరుగెత్తే బలం తనకు లేదు. నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"నేనొకటి అనుకున్నాను..."

"నేను కూడా," అంది కూన, నోట్లో ముద్దతోనే. "నేను రేపు మళ్లీ ఆస్పత్రికి వెళ్తా."

నాయనమ్మ గరిటె ఆగింది. "ఎందుకే? తగ్గిందన్నారుగా!"

"నాకు ఈల మోగలేదు నాయనమ్మా. బాగున్నవాళ్లకే మోగుతుంది. బాగా జబ్బున్నవాళ్లకి మోగకపోతే అది తప్పు కదా? మావల్లే కాలేదేమో అనుకుంటాం. నాలాంటివాళ్లకి కూడా మోగేట్టు చెయ్యమని చెప్పాలి. నేను చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? నా ఊపిరితోనే కొలుచుకోమంటా." ముద్ద మింగింది. "డిసైడైపోయా. వారానికి రెండుసార్లు వెళ్తా."

త్రాసు తాను కూడగట్టుకున్న మాట కోసం వెతుక్కుంది. కనబడలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఊపిరి కోసం పాటుపడటం, దేశరక్షణ పేరుతో తను అందరి దగ్గరా దాచిన పని ఇదేనా అనిపించింది. దాన్ని ఈ పిల్ల కంచం ముందు కూర్చుని, నోరు నిండా అన్నంతో, బాహాటంగా ప్రకటిస్తోంది.

"వెళ్లు," అంది. "నేను కూడా వస్తాను."

"వద్దు," అన్నారు అత్తగారు ఖండితంగా. "దాన్ని నేను తీసుకెళ్తాను. నువ్వొస్తే ముసలాళ్ల చేతులు విరగ్గొడతావట, బండి దిగుతూనే పిల్ల చెప్పింది."